కీమో రోజుల్లో వాసన సాయం: వికారానికి, టెన్షన్‌కు ఇంట్లో చేసుకోగలిగినవి

అమ్మకు క్యాన్సర్ కీమో మొదలైన రోజు నేను చేసిన తప్పు ముందు చెప్తాను. మాది కర్నూలు. ఏప్రిల్ నెల, మల్లెల కాలం. అమ్మకు మల్లెలంటే ప్రాణం. ఆసుపత్రి వాసన తెలియకుండా ఉంటుందని కొండారెడ్డి బురుజు దగ్గర రెండు మూరలు కొని, వార్డులో ఆమె దిండు పక్కన పెట్టాను. సెలైన్ స్టాండుకు ఎర్ర మందు తగిలించారు. అది చేతిలోకి ఎక్కుతున్నంతసేపు అమ్మ ఆ పూలవైపే తల తిప్పుకొని పడుకుంది. ఆ రాత్రి నాలుగు వాంతులు. మూడో కీమో నాటికి సంగతి తెలిసొచ్చింది. పక్కింటి పిన్ని పలకరించడానికి వచ్చి మంచం పక్కన కూర్చుంది, జడలో మల్లెలు. అమ్మ ముఖం పాలిపోయింది. "ఆ పూలు అవతల పెట్టమని చెప్పు పాపా, కడుపులో దేవుతాంది" అంది.

మందు వల్ల వచ్చిన వాంతికి మెదడు మల్లెల మీద నేరం మోపింది. వాసనను పట్టే నరాలు మెదడులో భయం, జ్ఞాపకం ఉండే భాగాలకు నేరుగా వెళ్తాయి. అందుకే పాడైన కూర ఒక్కసారి తిని వాంతి చేసుకున్నవాళ్ళకు ఆ వాసన ఏళ్ళ తరబడి పడదు. కీమోలోనూ అదే జరుగుతుంది. కొందరికి ఆసుపత్రి గేటు దగ్గర స్పిరిట్ వాసన తగలగానే, మందు ఇంకా ఎక్కకముందే డోకు వస్తుంది. దీన్ని ముందస్తు వికారం అంటారు. అది మనసు బలహీనత కాదు, మెదడు నేర్చుకున్న పాఠం.

కాబట్టి వాసనతో వైద్యం అంటే మంచి వాసన తెచ్చి పెట్టడం ఒక్కటే కాదు. ఏ వాసన ఎక్కడ ఉండకూడదో తెలుసుకోవడం అందులో సగం పని. ఆ సగం నాకు ఎవరూ చెప్పలేదు.

ముందు ఒక మాట: దీనితో ఏమవుతుంది, ఏం కాదు

సుగంధ తైలాలు, అంటే మొక్కల నుంచి తీసే ఘాటైన వాసన నూనెలు (ఎసెన్షియల్ ఆయిల్స్), గడ్డను కరిగించవు. మందు పనిని పెంచవు, తగ్గించవు. వీటిమీద జరిగిన పరిశోధనలు చాలావరకు చిన్నవి. పైగా వాసన చూసే మనిషికి ఏది అసలు, ఏది ఉత్తది అన్నది తెలిసిపోతుంది కాబట్టి కచ్చితంగా తేల్చడం కష్టం. వాటిలో కనిపించేదల్లా కాసేపు వికారం నెమ్మదించడం, గాభరా తగ్గడం, కొందరికి నిద్ర కాస్త మేలుగా పట్టడం. అందరికీ కాదు. అయినా ఆ పది నిమిషాల ఊరట విలువ వాంతి గిన్నె పట్టుకుని కూర్చున్నవాళ్ళకు తెలుసు.

డాక్టరు రాసిన వాంతుల మాత్రలు మాత్రం వేళకు వేయాల్సిందే. ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి వికారం రాకముందే వేస్తే పనిచేసినంతగా వచ్చాక పనిచేయవు. "వాసనతో సర్దుకుంది కదా" అని మాత్ర మానేయడం ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద పొరపాటు. ఇక ఎవరో ఫోన్‌లో పంపిన వీడియో చూసి తైలం చుక్కలు నీళ్ళలో కలిపి తాగించేవాళ్ళున్నారు. ఏ సుగంధ తైలమూ లోపలికి తీసుకోకూడదు. నీలగిరి తైలం, కర్పూర తైలం కొద్దిగా మింగినా మూర్ఛలు రావచ్చు. ఇంట్లో పిల్లలుంటే సీసాలు బీరువాలో పెట్టి తాళం వేయండి. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మొదటి అడుగు: ఇంట్లో వాసనలు తీసేయండి

కొత్త సీసా కొనే ముందు ఇల్లంతా ఒకసారి ముక్కుతో తిరగండి. మన సీమ వంటిల్లు సంగతి చెప్పక్కర్లేదు. ఎండుమిరపకాయల తిరగవాత వేస్తే వీధి చివరివాళ్ళు తుమ్ముతారు. కీమో అయిన మొదటి వారం పోపు పనులన్నీ అమ్మ నిద్రపోయే వేళకు మార్చాను. కిటికీ తెరిచి, మధ్యలో తలుపు మూసి చేసేదాన్ని. బయటికి గాలి లాగే ఫ్యాను ఉంటే అంతకన్నా మంచిది.

తర్వాత చూడాల్సినవి ఫినాయిల్, రూమ్ ఫ్రెషనర్, దోమల చక్రం, అగరబత్తి, సాంబ్రాణి. పొగ వచ్చే ప్రతిదీ ఊపిరితిత్తులకు చెడ్డదే, వాసన ఎంత పవిత్రమైనదైనా సరే. పూజ గది పక్కనే రోగి మంచం ఉంటే ఈ కొన్ని నెలలూ దీపంతో సరిపెట్టండి. ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ గానీ మెషిన్ గానీ ఉంటే ఆ గదిలో దీపం, కర్పూరం, అగరబత్తి ఏదీ వెలిగించకూడదు. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి ముఖానికి నూనె, జిడ్డు బామ్‌లు కూడా రాయకూడదు.

మర్చిపోయేది ఇంకొకటి ఉంది, మన ఒంటి వాసన. నా తలనూనె, మా ఆయన పౌడరు, చుట్టాలు చల్లుకొచ్చే సెంటు. ఇది చెప్పడం మొహమాటమే. నేను గుమ్మం పక్కన ఒక కాగితం అంటించాను: "సెంటు, పూలు లేకుండా రండి, అమ్మకు పడటం లేదు." ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. పర్వాలేదు.

తిండి వేడిగా ఉంటే వాసన ఎక్కువ లేస్తుంది. సంగటి ముద్ద పొగలు కక్కుతుంటే మనకు ఆకలి పుడుతుంది, వాళ్ళకు కడుపు తిప్పుతుంది. వండినది కాస్త చల్లారనిచ్చి పెట్టండి. పెరుగన్నం, గోరువెచ్చని రాగిజావ, మూత ఉన్న గ్లాసులో స్ట్రాతో మజ్జిగ, ఇవి మా ఇంట్లో నిలిచాయి. నోట్లో ఇనుము రుచి తగులుతోందంటే స్టీలు చెంచా పక్కన పెట్టి ప్లాస్టిక్ చెంచా ఇవ్వండి.

చాలామందికి ఇంతవరకు చేస్తేనే సగం ఊరట వస్తుంది. రూపాయి ఖర్చు లేదు.

రెండో అడుగు: డాక్టరును అడగాల్సినవి

ఓపీలో రెండు నిమిషాలే దొరుకుతాయి కాబట్టి ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళండి. ఆస్తమా, దమ్ము లాంటివి ఉన్నాయా, మూర్ఛల చరిత్ర ఉందా, ఏ మొక్కకైనా, సెంటుకైనా దద్దుర్లు వచ్చాయా అన్నది మీరే చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ హార్మోన్ల మీద ఆధారపడిన రకమైతే లావెండర్, టీ ట్రీ తైలాలను రోజూ ఒంటికి రాయడం గురించి ప్రత్యేకంగా అడగండి. ఈ రెండింటికీ హార్మోన్ల మీద స్వల్ప ప్రభావం ఉండవచ్చన్న అనుమానం ఉంది, దాని మీద వాదనలూ ఉన్నాయి. మేము ఆ వాదనలోకి పోకుండా ఒంటికి రాయడం మానేశాం.

రక్తకణాల సంగతి కూడా అడగండి. చాలా కీమో మందులకు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో పచ్చి పూలు, పూలకుండీ మట్టి, పూలసీసాలో నిలిచిన నీళ్ళు గదిలో వద్దంటారు, వాటిలో క్రిములు పెరుగుతాయి. బ్లడ్ క్యాన్సర్ వార్డుల్లో అయితే పూలు అసలు లోపలికి రానివ్వరు.

మూడో అడుగు: వాసన ఎంపిక

ఇక్కడే మల్లెల పాఠం. ఆసుపత్రికి తీసుకెళ్ళే వాసన ప్రాణంగా ఇష్టపడేది కాకూడదు. రేపు అది పడకుండా పోయినా బాధ లేనిది కావాలి. మల్లె, చందనం, పిల్లల తలనూనె, దేవుడి గదిలో వాసన, వీటిని వార్డుకు దూరంగా కాపాడుకోండి. ఇబ్బంది పెట్టని, మామూలు, కాస్త పుల్లని వాసన ఏదైనా సరిపోతుంది.

రెండో నియమం: ఆసుపత్రికి ఒకటి, ఇంట్లో నిద్రకు వేరొకటి. రెంటినీ ఎప్పుడూ మార్చుకోవద్దు. వార్డులో చూసిన వాసనే పడుకునేటప్పుడూ వస్తే నిద్రలోకి వార్డు వచ్చేస్తుంది.

పరీక్ష చేసేది కీమోకు ముందు వారంలో, ఒంట్లో బాగున్న రోజున. ఒక పూటకు మూడు వాసనలు మించకూడదు. ఆపైన ముక్కు మొద్దుబారి అన్నీ ఒకేలా తోస్తాయి. దూది మీద ఒక చుక్క వేసి ముక్కుకు జానెడు దూరంలో పట్టండి. "బాగుందా?" అని అడగొద్దు, మన మీద ప్రేమ కొద్దీ బాగుందంటారు. ముఖం చూడండి. అమ్మకు లావెండర్ ఇస్తే బాగుందనే అంది, కానీ మెడ వెనక్కి లాక్కుంది. ఎవరో సబ్బు పెట్టె తెరిచినట్టుందని తర్వాత ఒప్పుకుంది. అల్లం వాసనకు కనుబొమలు సడలాయి. నిర్ణయం అక్కడే అయిపోయింది.

వికారానికి జనం ఎక్కువగా వాడేవి అల్లం, పుదీనా, నిమ్మజాతి వాసనలు. గాభరాకు, నిద్రకు లావెండర్, చీనీ (బత్తాయి), వట్టివేరు. వీటికి సీసాలే అక్కర్లేదు. అనంతపురం చీనీకాయ తొక్కను గోటితో గిచ్చితే సన్నటి తుంపర లేస్తుంది చూడండి, అది అసలు సిసలు సుగంధ తైలమే. తొక్కలో చిన్న చిన్న నూనె తిత్తులుంటాయి, గోటికి అవి పగులుతాయి. వేలెడంత తొక్క ముక్కను డబ్బాలో వేసుకెళ్తే చాలు. కాయను ముందు బాగా కడగండి, తొక్కను ఏ పూటకాపూట మార్చండి. పచ్చి అల్లం ముక్క చెక్కు తీసి కోసినా అంతే.

బామ్ డబ్బా సంగతేమిటని అడుగుతారు. తెలుగువాళ్ళకు వాసన వైద్యం కొత్తేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన నాటి నుంచి మన ఇళ్ళలో తలనొప్పికి మొదటి మందు అదే. కానీ కీమో రోజుల్లో బామ్‌ల ఘాటు ఎక్కువ అనిపించవచ్చు. ముక్కు లోపల, పుండ్లు పడ్డ పెదాల దగ్గర రాయకండి.

నాలుగో అడుగు: కొనేటప్పుడు

పూజా సామాన్ల కొట్లో దొరికే చాలా సీసాలు సెంటు కలిపిన నూనెలు, తైలాలు కావు. సీసా ముదురు రంగు గాజుది కావాలి. మొక్క శాస్త్రీయ నామం, తయారీ తేదీ ఉండాలి. వంద రూపాయలకు గులాబీ తైలం అంటే నవ్వి ఊరుకోండి, కిలో తైలానికి మూడు వేల కిలోలకు పైగా పూరేకులు కావాలి. మన ఎండలకు సీసా కిటికీలో పెడితే తైలం పాడవుతుంది. పాడైన తైలం ఒంటికి తగిలితే దద్దుర్లు తెప్పిస్తుంది. అయిదు, పది మిల్లీలీటర్ల చిన్న సీసా తీసుకోండి, చికిత్స అయ్యేవరకూ సరిపోతుంది.

అయిదో అడుగు: కీమో రోజు

మూత బిగుతుగా పట్టే చిన్న గాజు సీసా ఒకటి తీసుకుని, వేడినీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టండి. అందులో శనగగింజంత దూది ఉండ, దాని మీద ఒకే ఒక్క చుక్క. రెండు వేస్తే ఎక్కువ మేలు జరగదు, తలనొప్పి వస్తుంది. చుక్క వేశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేతులు కళ్ళకు తగిలితే మంట.

వాడే తీరు ఇది. మూత తీసి సీసాను గడ్డం దగ్గర, ముక్కుకు బెత్తెడు దూరంలో పట్టాలి. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, నోటితో ఇంకా నెమ్మదిగా వదలాలి. అలా మూడు నాలుగు సార్లు, తర్వాత మూత. వాసన ఎంత ముఖ్యమో ఆ నెమ్మదైన ఊపిరీ అంతే ముఖ్యం. నన్నడిగితే సగం గొప్పతనం దానిదే. పది నిమిషాలాగి మళ్ళీ చేయవచ్చు. సీసా తెరిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం మాత్రం వద్దు.

ఎప్పుడు తీయాలన్నదీ చూడాలి. మాకు పనికొచ్చిన వేళలు ఇవి: ఆటో ఆసుపత్రి గేటు తిరిగేటప్పుడు, సూది గుచ్చే ముందు సిస్టర్ చేతి మీద స్పిరిట్ దూది రాసేటప్పుడు, ఇంటికెళ్ళే దారిలో. ఆదోని, నంద్యాల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళకు డీజిల్ వాసనే సగం బాధ. అనంతపురం నుంచి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి, కడప నుంచి వేలూరు ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళ ప్రయాణం ఇంకా పెద్దది. దారి పొడవునా సీసాతో పాటు ఉతికిన చేతిరుమాలు, మూత ఉన్న ప్లాస్టిక్ సంచులు చేతికందేలా ఉంచుకోండి.

ఇందులో ఒక తమాషా ఉంది. అత్యవసర విభాగాలకు వికారంతో వచ్చినవాళ్ళకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూది, అంటే సూదికి ముందు రాసే స్పిరిట్ లాంటిదే, వాసన చూపిస్తే కొద్ది నిమిషాల్లోనే నెమ్మదించినట్టు పరీక్షల్లో తేలింది. కానీ నాలుగైదు కీమోలు అయినవాళ్ళకు అదే స్పిరిట్ డోకు తెప్పించవచ్చు. వాసనలో మంచీ చెడూ లేవు, దాని వెనక జరిగిన కథే ఉంటుంది.

వార్డులో వరసగా మంచాలుంటాయి. మీ అల్లం పక్క మంచం ఆయనకు విషం కావచ్చు. అందుకే వార్డులో స్ప్రే గానీ డిఫ్యూజర్ (తైలం వాసనను గాలిలోకి చిమ్మే పరికరం) గానీ వద్దే వద్దు. మూత సీసా ఒక్కటే మర్యాద.

ఆరో అడుగు: ఇంటికొచ్చాక

మొదటి ఇరవై నాలుగు గంటల వికారం ఒక రకం, రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా లాగే వికారం మరో రకం. రెండోదానికి జనం సిద్ధంగా ఉండరు. ఆ రోజుల్లో సీసా మంచం పక్కన ఉండాలి. తినడానికి పది నిమిషాల ముందు ఒకసారి చాలు. తినేటప్పుడు వద్దు, లేకపోతే ఆ తిండి మీద కూడా నేరం పడుతుంది.

పడుకునే ముందు వాసనకు డిఫ్యూజర్ కొనాలన్న నిబంధన లేదు. దిండుకు దూరంగా, మంచం కాళ్ళవైపు ఒక గుడ్డ మీద ఒక చుక్క వేస్తే చాలు. డిఫ్యూజర్ ఉంటే పదిహేను నిమిషాలు నడిపి ఆపేయండి, కిటికీ ఓరగా తెరవండి, నీళ్ళు రోజూ పారబోసి గిన్నె ఆరబెట్టండి. నిలవ నీటిని గదిలోకి చిమ్మితే తెల్లకణాలు తగ్గిన మనిషికి ప్రమాదం. మరిగే నీళ్ళలో తైలం వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం కూడా వద్దు. నీరసంగా ఉన్న చేతుల్లోంచి గిన్నె జారితే కాలిన గాయం మిగులుతుంది.

ఒంటికి రాసే విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. డాక్టరు సరేనంటేనే చేయాలి. పాదాలకు నెమ్మదిగా నూనె రాస్తే హాయిగా ఉంటుంది, ఆ హాయి ఎక్కువగా చేతి స్పర్శది. ఉత్త కొబ్బరినూనె చాలు. తైలం కలపాలనుకుంటే 30 మిల్లీలీటర్ల నూనెకు మూడు చుక్కలు, ఎంత కావాలన్నా ఆరు మించొద్దు. ముందు రోజు మోచేతి మడతలో కాస్త రాసి, మర్నాడు వరకూ దద్దు రాలేదని చూసుకోండి. లవంగం, దాల్చిన, నిమ్మగడ్డి తైలాలు చర్మాన్ని మండిస్తాయి. కొన్ని నిమ్మజాతి తైలాలు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలుతుంది, మన ఎండల్లో అడగాలా.

రాయకూడని చోట్లు: రేడియేషన్ ఇస్తున్న భాగం, కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం), పోర్ట్ (అందుకే చర్మం కింద అమర్చే పరికరం) ఉన్న చోటు, కోసిన గాయం, గడ్డ మీద, చంకలో గ్రంథులు తీసేసిన వైపు చేయి, వాచిన కాలు. అరికాళ్ళు, అరచేతులు ఎర్రబడి మండుతుంటే అక్కడా వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గినా, ఎముకలకు జబ్బు పాకినా నొక్కి మర్దనా చేయకూడదు. రేడియేషన్ వాళ్ళు ఒంటి మీద గీసిన గుర్తులు నూనెకు చెరిగిపోతాయి, అది వేరే గోల.

ఎవరూ అడగలేని విషయం

కొన్ని క్యాన్సర్లలో గడ్డ చర్మం చీల్చుకుని పుండవుతుంది, దుర్వాసన వస్తుంది. ఇంట్లోవాళ్ళు సిగ్గుతో చెప్పుకోరు, గది నిండా సెంటు కొడతారు. రెండు వాసనలు కలిసి భరించలేనట్టు తయారవుతాయి. ఆ వాసన గాలి లేకుండా పెరిగే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. దానికి మందుంది, పుండు మీద వేసే మెట్రోనిడజోల్ లాంటివి డాక్టరు రాస్తారు, డ్రెస్సింగ్ మార్చే పద్ధతి నర్సు చూపిస్తారు. అడగండి. వాళ్ళకు ఇది రోజూ చూసేదే.

సీసా పక్కన పెట్టి ఫోన్ తీయాల్సిన వేళ

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, చలితో వణుకు వచ్చినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లకణాలు లేని మనిషికి జ్వరం గంటల్లో ముదురుతుంది. రోజంతా గుక్కెడు నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, వాంతిలో రక్తం కనిపించినా అంతే. తైలం వాడాక ఊపిరాడనట్టు అనిపించినా, దద్దుర్లు లేచినా వెంటనే ఆపి, కిటికీలు తెరిచి, ఒంటికి రాసి ఉంటే సబ్బుతో కడిగి డాక్టరుకు చెప్పండి. ఎర్ర రంగు కీమో మందు (డాక్సోరుబిసిన్ లాంటిది) ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం మాత్రం మందు రంగే, కంగారు పడకండి.

చివరి అడుగు: చికిత్స అయ్యాక

ఆఖరి కీమో అయిన రోజు ఆసుపత్రి సీసాను మూతతో సహా పారేయండి. దాచుకోవద్దు, ఇంకెవరికీ ఇవ్వద్దు. దాని పని అయిపోయింది.

పోగొట్టుకున్న వాసన ఉంటే దాన్ని నెమ్మదిగా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒంట్లో కుదుటపడ్డాక, కడుపు నిమ్మళంగా ఉన్న పూట, దూరం నుంచి, కొంచెంకొంచెంగా. వాంతి కాకుండా ఆ వాసన మళ్ళీమళ్ళీ ఎదురైతే మెదడు పాత లెక్క సవరించుకుంటుంది. తొందర పెడితే మళ్ళీ మొదటికొస్తుంది. మేము మరుసటి మల్లెల కాలం దాకా ఆగాం. మొదట వాకిట్లో తులసి కోట మీద ఒకే ఒక్క మొగ్గ పెట్టాను, అమ్మ కుర్చీ లోపల హాల్లో. వారానికి కిటికీ దాకా వచ్చింది ఆ మొగ్గ. నెల తర్వాత ఒక సాయంత్రం పూలమ్మి గొంతు వినబడితే అమ్మే గేటు దాకా వెళ్ళింది. మూర కాదు, జానెడు కొనుక్కొచ్చింది. తలలో పెట్టుకోలేదు, గోడ మేకుకు తగిలించి దూరంగా కూర్చుని చూసింది.

"ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండనీ మ్మే" అంది.